రెండో జబ్బు

లెక్కల మాస్టారిని పొద్దున ఎనిమిదింటికి పార్కులో చంపేశారు. రోజూ కూర్చునే బెంచీ మీదే కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పేపరు తెరిచే ఉంది. చొక్కా మీద సూది గుచ్చినంత మచ్చ తప్ప ఇంకేమీ లేదు. పక్కనుంచి నడిచి వెళ్ళినవాళ్ళు పెద్దాయన కునుకు తీస్తున్నాడనుకున్నారు. ఇరవై ఏళ్ళుగా గూఢచారి డిపార్ట్‌మెంట్ కోడ్‌లన్నీ రాసిన మనిషి ఆఖరికి ఒక్క ముక్క చెప్పకుండా పోయాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఏజెంట్ పానా డైరెక్టర్ గదిలో నిలబడి ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు కంప్యూటర్లు రిపేరు చేసే షాపు నడిపాడు కాబట్టి ఆ పేరు అంటుకుంది. తుపాకీ గురి అంతంతమాత్రం. కారు తోలితే పక్కన కూర్చున్నవాళ్ళు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవాల్సిందే. అయినా ఇవాళ ఆ బిల్డింగ్‌లో అతనొక్కడితోనే పని పడింది.

డైరెక్టర్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. గ్రహణం అనే విదేశీ ముఠా చేతికి మన ఏజెంట్ల లిస్టు చిక్కింది. సరిహద్దు అవతల పదకొండు మంది ఉన్నారు. మూడు గంటలకి ఎవరి మీటింగ్ స్పాట్‌కి వాళ్ళు వెళ్తారు. ముఠావాళ్ళు అక్కడ ముందే కాచుకుని ఉంటారు. వెళ్ళొద్దని ఆ పదకొండు మందికీ ఒక్కసారే చెప్పగలిగింది మాస్టారి ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఒక్కటే.

"అది ఆన్ అవట్లేదు," అన్నాడు డైరెక్టర్.

మాస్టారికి కంపెనీ మెషీన్ల మీద నమ్మకం లేదు. ఒక్కో పార్టు ఒక్కో షాపులో కొని, ఇంట్లో బల్ల మీద తనే బిగించుకున్నాడు. సిగ్నల్ తాళం బోర్డు మీది చిప్‌లో ఉంది. డిస్కు ఊడదీసి ఇంకో దానికి తగిలిస్తే పలకదు. ఆ కంప్యూటరే లేవాలి.

"పాస్‌వర్డ్ ఏంటి సార్?"

"దాని జోలికి పోకు. రోజూ ఆన్ చేసిన తొంభై సెకన్లలో మాస్టారు పాస్‌వర్డ్ కొట్టేవాడు. కొట్టకపోతే మాస్టారు లేడని దానికి అర్థం. అప్పుడు తనంతట తనే అందరికీ దాక్కోమని సిగ్నల్ ఇచ్చేస్తుంది. కరెంటు, నెట్ కేబుల్ ఉంటే చాలు. ఈ సంగతి మాస్టారికీ నాకూ మాత్రమే తెలుసు. ఇప్పుడు నీకు."

మనుషుల ద్వారా కబురు పంపాలంటే ఆరు గంటలు కావాలి. పొద్దున్నే మొదలుపెట్టి ఉంటే సరిపోయేది. కానీ మాస్టారి ఇంట్లో మేనకోడలి వేషంలో కాపలా ఉంటున్న మన ఏజెంట్ నెమలి, తొమ్మిదింటి నుంచీ చిన్న ట్రబులే అని ఫోన్ చేస్తూ వచ్చింది. పవర్ కేబుల్ పంపమంది, పంపారు. స్టెబిలైజర్ పంపమంది, అదీ పంపారు. ఇదిగో అదిగో అంటూ నాలుగు గంటలు కరిగిపోయాయి.

లిస్టులో ఏడో పేరు పానా చెల్లెలిది. సొంతవాళ్ళున్న కేసు ఇవ్వకూడదని రూలుంది. ఆ మాట డైరెక్టర్ ఎత్తలేదు, పానా గుర్తుచేయలేదు. టూల్ బ్యాగు భుజాన వేసుకుని బయటపడ్డాడు.

మారువేషాల సెక్షన్ వాళ్ళు అతన్ని కంప్యూటర్ రిపేరువాడిగా తయారుచేయడానికి పావుగంట తీసుకుని, చివరికి అతని పాత చొక్కానే అతనికి తొడిగి పంపారు. గాడ్జెట్ల సెక్షన్ కెమెరా పెన్ను, విషం ఉంగరం ఇవ్వబోయింది. అతను వాళ్ళ బల్ల మీది పేపర్ క్లిప్ ఒకటి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

మాస్టారి ఫ్లాటు మూడో అంతస్తు. ఒంటిగంటా యాభైకి బెల్లు కొట్టాడు.

"మీ గడియారం ఆగిపోయిందని ఫోన్ వచ్చింది," అన్నాడు కోడ్ ప్రకారం.

"ఆగలేదు, అలిసిపోయింది," అంటూ నెమలి తలుపు తీసింది.

ఆమెని ఫోటోలో చూడడమే గానీ ఎదురుగా చూడడం ఇదే మొదలు. ఏడ్చిన కళ్ళు కూడా ఆమెకి నగల్లాగే అమరాయి. మాస్టారి వెంట రోజూ పార్కుకి తనే వెళ్ళేదాన్నని, ఇవాళ తలనొప్పిగా ఉండి ఏడింటి నుంచీ ఇంట్లోనే పడుకున్నానని, ఆ ఒక్క పూటే ఇంత ఘోరం జరిగిందని చెప్పింది. కంప్యూటర్ రాత్రి వరకు భేషుగ్గా నడిచిందట. పానాకి ఆమె మీద జాలి కలిగింది. జాలిపడుతూ కూర్చునే టైము మాత్రం లేదు.

గోడ సాకెట్‌లో టేబుల్ లైటు పెట్టి చూశాడు. వెలిగింది. అంటే కరెంటు ఉంది. కంప్యూటర్ డబ్బా వెనక స్విచ్చు ఆన్‌లోనే ఉంది. ముందున్న పవర్ బటన్ నొక్కాడు. చప్పుడు లేదు, దీపం లేదు. బటన్ పోయిందేమోనని పక్క రేకు విప్పి, బోర్డు మీద ఆ బటన్ వైర్లు వచ్చి కలిసే రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో కలిపాడు. ఉలుకూ పలుకూ లేదు. టైము రెండూ పది.

తరవాత ఎస్‌ఎంపీఎస్. గోడ కరెంటుని కంప్యూటర్‌కి సరిపడేలా మార్చి ఇచ్చే ఇనుప పెట్టె అది. దాన్ని విప్పి తీసి, దాని పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ పేపర్ క్లిప్పుతో కలిపాడు. బతికుంటే దాని ఫ్యాను తిరగాలి. తిరగలేదు.

"దొరికింది," అన్నాడు. నెమలి మెడ వంచి ఆసక్తిగా చూసింది. బ్యాగులోంచి కొత్త ఎస్‌ఎంపీఎస్ తీసి దానికీ క్లిప్పు పెట్టాడు. ఫ్యాను గిర్రున తిరిగింది. హమ్మయ్య అనేసింది ఆమె. ఇది తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బతికుందని మాత్రమే అర్థమని, కంప్యూటర్ బతికినట్టు కాదని పానా వివరించాడు. షాపు నడిపిన రోజుల్నుంచీ కస్టమర్లకి పాఠం చెప్పడం అతనికి అలవాటు.

కొత్తది బిగించాడు. బోర్డు మూల ఆవగింజంత ఆకుపచ్చ దీపం వెలిగింది. పిన్నులు కలిపాడు. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను అరచుట్టు తిరిగి ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ కలిపాడు. మళ్ళీ అంతే. రెండూ ముప్ఫై అయింది.

ఈపాటికి చెల్లెలు గదికి తాళం వేసి మెట్లు దిగుతూ ఉంటుంది. చిన్నప్పుడు స్కూలు గేటు దాకా అతని వేలు పట్టుకోకుండా అడుగు వేసేది కాదు. ఆ పిల్ల ఇప్పుడు తుపాకుల మధ్యకి ఒంటరిగా నడిచి వెళ్తోంది. అతనికి నిజంగా భయం వేసింది.

ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ బోర్డుని కూడా వెంట తీసుకుపోవడం ఉంది. అదే అయితే చేసేదేం లేదు. ఎక్కడైనా షార్ట్ ఉంటే మాత్రం ఆశ ఉంది. మాస్టారికి మోత పడదు కాబట్టి ప్రాసెసర్ మీద ఫ్యాను కూడా లేదు, ఇటుకంత అల్యూమినియం దిమ్మ ఒకటే ఉంది. స్క్రూలన్నీ విప్పి, బోర్డుని దిమ్మతో సహా డబ్బాలోంచి పైకి ఎత్తాడు.

కింద ఇత్తడి స్టాండ్లు కనిపించాయి. బోర్డు డబ్బా రేకుకి తగలకుండా ఎత్తి పట్టుకునే పొట్టి స్టాండ్లు. బోర్డుకి తొమ్మిది రంధ్రాలు. స్టాండ్లు లెక్కపెట్టాడు. పది. పదోది ఏ రంధ్రం కిందా లేదు. సరిగ్గా బోర్డు వీపుకి తగులుతూ షార్ట్ చేస్తోంది.

రేకుకి తగలకుండా అట్ట ముక్క మీద బోర్డు పెట్టి, పానా మళ్ళీ ఆ పదో స్టాండు వైపు చూశాడు. షాపులో అతను రోజుకి పదిసార్లు చెప్పిన మాట ఒకటుంది. రాత్రి బాగున్న మెషీన్‌కి తెల్లారేసరికి ఒక జబ్బే వస్తుంది, రెండొచ్చాయంటే అది జబ్బు కాదు, ఎవరిదో చెయ్యి. ఎస్‌ఎంపీఎస్ తనంతట తను చావచ్చు. ఇత్తడి స్టాండు తనంతట తను మొలవదు. దాన్ని పెట్టాలంటే బోర్డంతా విప్పాలి. తెలిసినవాడికైనా గంట పని. మాస్టారు పొద్దున ఏడింటికి బయటికి వెళ్ళాడు. ఆ తరవాత ఇంట్లో తలనొప్పితో పడుకున్నది ఒక్కరే. ముఠా మెకానిక్‌కి తలుపు తీయగలిగిందీ ఆ ఒక్కరే.

పగలగొట్టి ఉంటే డైరెక్టర్ పొద్దున్నే వేరే దారి చూసుకునేవాడు. పాడైందంటే అందరూ బాగుచేస్తూ కూర్చుంటారు. ఇంకొక్క కేబుల్, ఇంకొక్క ట్రై. రిపేరువాళ్ళ బలహీనత బాగా తెలిసినవాళ్ళెవరో వేసిన ప్లాన్ ఇది. కంచే చేను మేసింది.

వెనక కుర్చీలో నెమలి కాలు ఊపుతోంది. రెండూ యాభై ఆరు.

పానా ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లు బోర్డుకి గుచ్చాడు. నెట్ కేబుల్ కూడా గుచ్చాడు. మానిటర్ వైరు జోలికి పోలేదు. స్క్రూడ్రైవర్ మొనతో పిన్నులు రెండూ కలిపి వదిలాడు. ఫ్యాను తిరిగింది. ఈసారి ఆగలేదు.

"ప్చ్," అని పెద్దగా నిట్టూర్చాడు. "ఎస్‌ఎంపీఎస్ తిరుగుతోంది గానీ బోర్డు చచ్చిపోయింది మేడమ్. ఇంక నావల్ల కాదు."

ఇందాకటి పాఠం ఆమె బాగానే ఒంటబట్టించుకుంది. ఫ్యాను చప్పుడుని పట్టించుకోలేదు. అయ్యో అంటూ తలపట్టుకుంది, వాచీ వైపు ఓరగా చూసుకుంది. పానా మనసులో లెక్కపెడుతున్నాడు. ముప్ఫై. నలభై. టూల్స్ ఒక్కొక్కటే తుడిచి బ్యాగులో సర్దుతున్నాడు. యాభై. ఇంకో నలభై సెకన్లు ఆమె ఏమీ చూడకపోతే చాలు.

అరవై దగ్గర ఆమె కాలు ఊపడం ఆగిపోయింది.

"చచ్చిన బోర్డుకి నెట్ కేబుల్ ఎందుకు పెట్టావు?"

అతను తిరిగి చూసేసరికి ఆమె చేతిలో సైలెన్సర్ తగిలించిన తుపాకీ ఉంది. ఏడ్చిన కళ్ళు ఇప్పుడు పొడిగా ఉన్నాయి.

"అలవాటు," అన్నాడు పానా.

"కదిలితే కాల్చేస్తాను."

తుపాకీ అతని మీదే ఉంచి, ఎడం చేత్తో నెట్ కేబుల్ పట్టుకుని లాగింది. ఊడలేదు. దాని ప్లాస్టిక్ నాలుక నొక్కితే తప్ప ఊడదని ఆమెకి తెలియదు. బలం పెట్టి గుంజింది. బోర్డు అట్ట ముక్కతో సహా బల్ల అంచుకి జారింది. డెబ్బై ఎనిమిది. ఊడకుండా ఏం పట్టుకుందో చూద్దామని ఆమె చూపు రెప్పపాటు కేబుల్ మీదికి వాలింది.

చచ్చిన పాత ఎస్‌ఎంపీఎస్ వైర్ల కట్ట అతని చేతికి అందుబాటులోనే ఉంది. ఆ కట్ట పట్టుకుని వడిసెల తిప్పినట్టు తిప్పి విసిరాడు. రెండు కిలోల ఇనుప పెట్టె ఆమె మణికట్టు మీద పడింది. తుపాకీ టప్పుమని పేలి కింద పడింది, గుండు సీలింగ్‌లో దిగింది. పానా ఒక కాలితో తుపాకీని తొక్కిపట్టి, రెండు చేతులతోనూ బల్ల అంచున వేలాడుతున్న బోర్డుని పట్టుకున్నాడు. ఎనభై ఎనిమిది. ఎనభై తొమ్మిది.

నెట్ కేబుల్ పక్కన పసుపు దీపం టకటకా కొట్టుకుంది.

రెండూ యాభై తొమ్మిదికి ఫోన్ మోగింది. అందరికీ అందిందని చెప్పి డైరెక్టర్ పెట్టేశాడు. పానా కుర్చీలో కూలబడ్డాడు. నేల మీద మణికట్టు పట్టుకుని కూర్చున్న నెమలి అతన్ని ఆశ్చర్యంగా చూసింది. ఏజెంట్లు ఏడవరని ఆమెకి ఎవరో చెప్పినట్టున్నారు.

నాలుగు రోజుల తరవాత పదకొండు మందీ క్షేమంగా వచ్చేశారు. చెల్లెలు ఆఫీసు క్యాంటీన్‌లో అన్న ఎదురుగా కూర్చుంది. మోచేతికి కట్టు తప్ప దెబ్బలేం లేవు. సిగ్నల్ ఎవరు పంపారో ఎవరికీ చెప్పకూడదని డిపార్ట్‌మెంట్ రూలు. తోడబుట్టినవాళ్ళకైనా అంతే.

"ఆ సిగ్నల్ పంపినవాడెవడో గానీ ఒట్టి నత్తరా అన్నయ్యా," అంది. "సరిగ్గా మూడింటికి నిమిషం ముందా పంపేది? అప్పుడే కాఫీ తెచ్చి పెట్టారు. ఒక్క గుక్క తాగకుండా బాత్రూం కిటికీలోంచి దూకాను."

పానా తన కాఫీ కప్పు ఆమె వైపు జరిపాడు.

"కొత్తగా చేరినవాడై ఉంటాడమ్మా," అన్నాడు. "కంప్లైంట్ రాసి పడెయ్."

ఆమె నిజంగానే రాసి పడేసింది. వారం తిరక్కుండా, ఆలస్యానికి సంజాయిషీ ఇమ్మంటూ పానాకి డైరెక్టర్ సంతకంతో మెమో వచ్చింది.