ముదురు నీలం డ్రెస్సు

చంటాడికి పాలు దొరుకుతాయో లేదో చూద్దామని కోడలు భర్త ఫోన్‌లో, శనివారం వెళ్ళబోయే గోల్ఫ్ రిసార్ట్ వాళ్ళ బుకింగ్ తెరిచింది. అంతే... ‘అతిథులు: ఇద్దరు, ఒక బిడ్డ. సహాయకురాలు: ఒకరు. సహాయకులు ముదురు నీలం దుస్తుల్లోనే ఉండాలి. వారి పడక వంటింటి వెనక గదిలో.’

ముదురు నీలం...! పక్క గదిలో కుట్టుమిషన్ టకటకలాడుతోంది. నాలుగు రోజులుగా అత్తయ్య కుట్టుకుంటున్నది ఆ రంగు డ్రెస్సే! “అక్కడ ఆడవాళ్ళందరూ ఇదే వేసుకుంటారమ్మా” అని గుడ్డ తెచ్చి ఇచ్చింది కన్నకొడుకే. పిచ్చితల్లి నమ్మింది. నమ్మి, కాలరు అంచు వెంట తెల్ల పైపింగు వేసింది, జేబు మీద చిన్న పువ్వు కుట్టింది. ముప్పై ఏళ్ళు వీధిలో అందరి బట్టలూ కుట్టి కొడుకుని చదివించిన మనిషి, తనకంటూ కొత్తది కుట్టుకోవడం కోడలు చూడటం ఇదే మొదలు. “అంత పచ్చిక ఒక్కచోట ఉంటుందట్రా బుజ్జీ!” అని చంటాడికి పదిసార్లు చెప్పి మురిసిపోయింది కూడా.

భర్త టైర్ల కంపెనీలో సేల్స్ ఆఫీసరు. శనివారం పెద్ద మేనేజరు దంపతులతో కలిసి ఆ పల్లెపట్టు రిసార్టుకి వెళ్ళాలని నెల రోజులుగా ఒకటే హడావుడి. ఇప్పుడు కూడా అద్దం ముందు గొడుగు తిరగేసి పట్టుకుని, గోల్ఫ్ ఆడుతున్నట్టు నడుము తిప్పుతున్నాడు.

“ఏమండీ, ఇదేమిటి?”

ఫోన్ చూసి అతను తేలిగ్గా నవ్వేశాడు. “ఓ, అదా! గదికి ఇద్దరినే రానిస్తారు. పిల్లాణ్ణి చూసుకునే మనిషైతే పర్లేదట. అమ్మ ఎలాగూ చూసుకుంటుంది కదా... ఊరికే అలా రాశాలే.”

“మీ మేనేజరు అడిగితే ఏం చెప్తారు?”

“ఆయన అడగడు. అమ్మని ఆయన ముందుకి రానివ్వకుండా చూస్తే సరి... ఆవిడకి ఆ మర్యాదలవీ తెలీవు.”

ఆ మాట వినగానే ఆమెకి ఒళ్ళంతా కంపరమెత్తింది. ఈ మనిషితోనా తను ఆరేళ్ళు కాపురం చేసింది!

“ఛీ! మీ పక్కన నిలబడాలంటేనే రోతగా ఉంది! కన్నతల్లి చేతే పనిమనిషి బట్టలు కుట్టించారా... అదీ అబద్ధం చెప్పి!”

మిషన్ చప్పుడు ఎప్పుడాగిందో ఇద్దరూ గమనించలేదు. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది... ఒంటి మీద ఆ డ్రెస్సు! చేతి మీద కొడుకు గోల్ఫ్ ప్యాంటు, అంచు మడిచి పిన్నులు గుచ్చి ఉంది.

“అది పూర్తిగా చదువమ్మా,” అంది.

కోడలు వంటింటి వెనక గది దాకా పైకి చదివింది. అత్తయ్య జేబు మీది పువ్వుని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయింది.

“ఊరికే రాశానమ్మా...”

“ఊరికే రాసేదేదో అమ్మ అని రాయలేకపోయావా నాన్నా?”

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

“వస్తాను. ఈ డ్రెస్సులోనే వస్తాను. ‘ఈవిడ మా అమ్మ, ఇది తనే కుట్టుకుంది’ అని మీ మేనేజరుకి చెప్పగలిగితేనే వస్తాను.”

అతను రిసార్టుకి ఫోన్ చేశాడు. “ఇంకో గది కావాలండీ... మా అమ్మకి,” అన్నాడు. కోడలి మనసు మాత్రం కరగలేదు.

అత్తయ్య ప్యాంటు అంచుకున్న పిన్నులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. ప్యాంటు కొడుకు ఒళ్ళో పెట్టింది, పైన సూదీ దారం.

“ఇది నువ్వే కుట్టుకో.”

పుట్టి బుద్ధెరిగాక అమ్మ కాదన్న మొదటి కుట్టు అది! అతను మంచం అంచున కూర్చుని దారాన్ని నోట్లో తడిపాడు. సూది బెజ్జంలోకి గురి తప్పింది. మళ్ళీ తప్పింది. మూడోసారి సూది వేలికి గుచ్చుకుని “అమ్మా!” అన్నాడు.

అత్తయ్య చెయ్యి అలవాటుగా ముందుకి లేచింది. కోడలు ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.