ఎదుటివాళ్ళ తరఫున

షాపు తెరవడానికి ఇంకా టైముంది. మేడ మీద ఆరేసిన దుప్పట్ల వెనక పిట్ట అటూ ఇటూ నడుస్తూ పైకే మాట్లాడుకుంటోంది. కింద వంటింట్లో ఉన్న అమ్మకి ఇది కొత్త కాదు. లా కాలేజీలో చేరినప్పట్నుంచి ఆ పిల్ల పళ్ళు తోముకుంటూ కూడా ఎవరితోనో ఒకరితో వాదిస్తూనే ఉంటుంది. చిన్నప్పుడు ఒక్కచోట నిలవదని బాబాయి పెట్టిన పేరు పిట్ట. ఇంట్లో అదే ఖాయమైపోయింది.

వాళ్ళది అద్దాల షాపు. నాన్న ముందు కౌంటర్లో కూర్చుని బేరాలు చూస్తాడు. బాబాయి వెనక గదిలో బల్ల మీద అద్దం పరిచి కొలత ప్రకారం కోస్తాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిందే అయినా కాగితాలన్నీ నాన్న పేరు మీదే ఉన్నాయి. ఇప్పుడు నాన్నకి షాపు పెద్దది చెయ్యాలని ఉంది. కోసిన అద్దాలే ఫ్యాక్టరీ నుంచి తెప్పిస్తే వెనక గది కూడా షోరూం అవుతుందని లెక్క వేశాడు. ఆ లెక్కలో బాబాయికి చోటు దొరకలేదు. "అయితే నా సగం నాకివ్వు" అన్నాడు బాబాయి. నాన్న కాదన్నాడు. ఆ రోజు నుంచి బాబాయి షాపు గుమ్మం ఎక్కలేదు.

"లాయరు దగ్గరికి వెళ్ళేముందు నాలుగు పాయింట్లు చూసిపెట్టవే," అని నిన్న నాన్న పిట్టకి పురమాయించాడు. "ఇంట్లో లాయరమ్మని పెట్టుకుని బయటివాడి ముందు తెల్లమొహం వెయ్యడం దేనికి?"

నిజానికి పిట్టకి లా మీద ఆశ పుట్టింది ఆ కౌంటర్ పక్కనే. అద్దం పగిలిందని తిరిగి తెచ్చినవాళ్ళ గొడవలు వింటూ పెరిగింది. కొన్నవాడు చెప్తే కొన్నవాడిది న్యాయమనిపించేది, నాన్న చెప్తే నాన్నది. "ఎవరు ఆఖర్న మాట్లాడితే వాళ్ళవైపు వాలిపోతుంది. ఇది వ్యాపారానికి పనికిరాని సరుకు," అనేవాడు నాన్న. అయినా కామర్స్ చదివి షాపులో కూర్చోమన్నాడు. పిట్ట మొండికేసి లాలో చేరింది.

అక్కడా ఆ గుణమే అడ్డొచ్చింది. తన వాదన చెప్తూ చెప్తూ అవతలివాళ్ళ మాటకి తలూపేసేది. క్లాసంతా నవ్వేది. ఇక మానేద్దామనుకుంటున్న రోజుల్లో ఒక మేడమ్ పిలిచి మాట్లాడింది. "అది లోపం కాదమ్మాయ్, నీ పెట్టుబడి. ఏ కేసైనా ముందు ఎదుటివాళ్ళ తరఫున పైకి వాదించు. ఓడిపోతానేమోనని నీకే భయం పుట్టాలి. ఆ తర్వాతే నీ పక్షానికి రా." అప్పట్నుంచి పిట్ట పద్ధతి అదే.

అందుకే ఈ పొద్దున నాన్న కేసు కోసం ముందుగా తానే బాబాయి అయింది.

"అన్నయ్య కౌంటర్లో కూర్చుని మాట్లాడాడు, నేను వెనక నిలబడి కోశాను. మాటకి పేరొచ్చింది, చేతికి రాలేదు. కాగితం మీద నా పేరు లేకపోతే నా కష్టం కూడా లేనట్టేనా?"

దుప్పటి పక్కకి జరిగింది. నీళ్ళ ట్యాంకు చూసుకుందామని పైకొచ్చిన నాన్న అక్కడ నిలబడి ఉన్నాడు.

"చదివించేది నేనూ, వకాల్తా వాడికా?"

"అది కాదు నాన్నా, ఇది ప్రాక్టీసు..."

"నోర్ముయ్! ఎన్నాళ్ళుగా నూరిపోస్తున్నాడు వాడు?"

"బాబాయి నాతో మాట్లాడనే లేదు."

"ఈ ఏడాదితో సరి. పుస్తకాలు కట్టిపెట్టి కౌంటర్లో కూర్చో. సొంత కొంపకే ఎసరు పెట్టే చదువు నాకొద్దు!"

అమ్మ గరిటెతో సహా పైకి పరిగెత్తుకొచ్చింది. "పొద్దున్నే ఏంటండీ ఈ కేకలు? పక్కింటివాళ్ళు టికెట్టు లేకుండానే ఆట చూస్తున్నారు."

"చూడనీ! వాళ్ళకి కూడా ఓ లాయరు కావాలేమో, ఇదిగో, ఎవరి తరఫునైనా మాట్లాడుతుంది."

 ఏడిస్తే కేసు పోతుంది. పిట్ట ఎలాగో కూడదీసుకుంది. "నువ్వు సరుకు కొనేముందు అమ్మేవాడి లెక్క వెయ్యవా నాన్నా? వాడికెంత మిగులుతుంది, ఎక్కడ దిగుతాడు అని? నేను చేసేదీ అదే. బాబాయి ఏమంటాడో తెలీకుండా నీ పాయింట్లు ఎలా రాయను?"

 ఆ మాట నాన్న భాషలో ఉంది. బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. "సరే, కానీ. వాడి దగ్గర ఇంకేం సరుకుందో నేనూ చూస్తా."

పిట్టకి ఇప్పుడు నిజంగా భయమేసింది. మిగిలింది ఒక్క మాటే. అది దాచుకుంటే చదువు దక్కుతుందేమో. చెప్తే ఏమవుతుందో తెలీదు. కానీ అది చెప్పకుండా పక్కన పెట్టే మనిషి లా చదివి మాత్రం ఏం లాభం? మళ్ళీ బాబాయి అయింది.

"ఓ రోజు ఒకాయన పెద్ద అద్దం కొంటూ, 'మీ పనివాడు భలే కోస్తాడండీ' అన్నాడు. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. నాకు వాటా ఇవ్వననడం ఇవాళ మొదలవలేదు. ఆ రోజే ఇవ్వలేదు."

నాన్న తలెత్తి పిట్టకేసి చూశాడు.

"వాడు విన్నాడా?" అన్నాడు.

"వెనక గది తలుపు దగ్గరే ఉన్నాడు నాన్నా. నేను కౌంటర్ పక్కన స్టూలు మీదున్నా."

"బేరం తెగుతోందే అప్పుడు... మధ్యలో తమ్ముడూ గిమ్ముడూ అంటే మాట సాగుతుందనీ..." వాక్యం పూర్తి కాలేదు. జీవితమంతా మాటలమ్ముకుని బతికిన మనిషి, ఒక్క మాట దగ్గర పిసినారితనం చేశాడు. అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. అమ్మ గోడకి ఆనుకుని నిలబడింది.

"మరి నా తరఫున ఏం పాయింట్లు లేవా?" నాన్న గొంతు బాగా తగ్గింది.

"ఎందుకు లేవు? గిరాకీ లేని రోజుల్లో నువ్వు ఎండలో గుమ్మం గుమ్మం తిరిగి ఆర్డర్లు తెచ్చావు. ఎన్ని మాటలు పడ్డావో బాబాయికి ఒక్కటీ చెప్పలేదు. వెనక గదిలో ఉన్నవాడికి అవెలా తెలుస్తాయి?"

"వాడికెవరు చెప్తారిప్పుడు?"

"లాయరు చెప్తే నోటీసు అంటారు. నువ్వే చెప్పు నాన్నా."

నాన్న లేచి మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. "ఏమే, షాపు తాళాలు ఇవాళ నువ్వు తియ్యి," అన్నాడు అమ్మతో. తర్వాత పిట్టకేసి చూడకుండానే, "నువ్వేం చూస్తున్నావ్? కాలేజీకి టైమవలేదూ? ఆలస్యమైతే ఆ మేడమ్ నన్నంటుంది," అన్నాడు.

పిట్ట కదల్లేదు. పిట్టగోడ మీంచి చూస్తూ ఉండిపోయింది. నాన్న వీధి చివరున్న బాబాయి ఇంటి ముందు ఆగాడు. తలుపు కొట్టబోయి చొక్కా సర్దుకున్నాడు. మళ్ళీ చెయ్యెత్తాడు. బాబాయి తలుపు తీశాడు. అన్నదమ్ములిద్దరూ గడపకి అటొకరూ ఇటొకరూ నిలబడిపోయారు. నాన్న ఏదో అంటున్నాడు. అంత దూరానికి మాట వినపడదు. కాసేపటికి బాబాయి పక్కకి జరిగి దారిచ్చాడు.

"వెళ్ళవే, బస్సు పోతుంది," అంది అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

పిట్ట కళ్ళు తుడుచుకుని, పుస్తకాల సంచీ కోసం కిందికి పరిగెత్తింది.