పదునువైపు పట్టుకున్న చెయ్యి

కొండల నడుమ నరీన్ పట్టణంలో ఆ వారం చలికి ఊరంతటికీ నోరు పడిపోయినట్టుంది. లాయరు సల్తనత్ ఆఫీసులోకి వచ్చిన బురుల్ కూడా ఏడవలేదు. పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"మా ఆయన తాబల్దిని పోలీసులు కాల్చేశారక్కా. చలికాలానికి మాంసం కావాలని పెరట్లో గొర్రెను కోసి కొవ్వు తీస్తున్నాడు. కుక్క మీదికొస్తే అరిచాడు. ఎదురు మేడలో కొత్తగా దిగినవాళ్ళు నెత్తుటి కత్తి చూసి ఫోన్ చేశారు. కత్తెత్తి మీదికొచ్చాడు, అందుకే కాల్చామని పోలీసులంటున్నారు. వాళ్ళ నాన్న పడిపోవడం చూసి మా ఐజాన్ పోలీసాయన్ని గరిటెతో కొట్టింది. దాడిలో తోడుందని దాన్ని లోపలేశారు. పోయినాయన ఎలాగూ రాడు. పిల్లని తెచ్చిపెట్టు."

సల్తనత్ ఒప్పుకుంది. ఆమె ఏ పని మొదలుపెట్టినా అబ్బురంగా చూసే సహాయకుడు ఎర్కిన్ శవం ఫోటోలు సంపాదించాడు. తాబల్ది కుడిచేతి వేళ్ళ లోపలివైపు నాలుగింటికీ అడ్డంగా ఒకే గాటు ఉంది.

"గొర్రెను కోస్తుంటే తెగిందేమో," అన్నాడు ఎర్కిన్.

"వీధి మొత్తానికి గొర్రెలు కోసిపెట్టే మనిషికా?" అంది సల్తనత్.

కాల్చిన పోలీసు ఉలన్ స్టేషన్‌లో దొరికాడు. ఆ రోజు అతని వెంట వెళ్ళిన పోలీసు అజమత్ పక్కనే ఉన్నాడు.

"కత్తి మీరెవరైనా ముట్టుకున్నారా తమ్ముడూ?"

"లేదక్కా. ఆయన చేతిలోంచి ఎక్కడ పడిందో అక్కడే ఉంది."

"ఆయన నీ దాకా వచ్చాడా?"

"రానిస్తానా? దూరంగా ఉండగానే కాల్చాను."

బయటికి వెళుతూ ఉలన్ నల్ల తోలు గ్లౌజులు తొడుక్కున్నాడు. ఎడమ అరచేతి కుట్లలో తెల్లగా కొవ్వు గడ్డకట్టి ఉంది. భోజనం చేసి తుడుచుకోలేదేమో అనుకున్నాడు ఎర్కిన్.

మర్నాడు సల్తనత్ ప్రాసిక్యూటర్ మెదెర్‌ని, ఇద్దరు పోలీసులని బురుల్ ఇంటికి పిలిపించింది. బల్ల మీద ఉడికిన మాంసం, పక్కన వంటింటి కత్తి ఉన్నాయి.

"ఉలన్, ఆ కత్తి ఇలా ఇవ్వు."

అతను కత్తిని పదునువైపు పట్టుకుని పిడి ఆమెకు అందించాడు. అలా చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"మనమంతా ఇలాగే ఇస్తాం," అంది సల్తనత్. "కత్తి పడెయ్యమని అరిచామని మీ రిపోర్టులోనే రాశారు. ఎదుటివాడి కాళ్ళ ముందు కత్తి విసిరితే పగ పెట్టుకున్నట్టు లెక్క. పెద్దమనిషికి ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. నడిచొచ్చి పిడి నీకందించాడు. గొర్రె కొవ్వు తీసిన చేతులు కదా, పిడి నిండా కొవ్వే. అది నీ గ్లౌజుకి అంటింది. పిడి నీ చేతిలోకి వచ్చాకే తుపాకి పేలింది. అదురుకి నువ్వు కత్తి లాగేశావు, ఆయన వేళ్ళు తెగాయి. తర్వాత కత్తి ఆయన పక్కన పెట్టావు."

ఎర్కిన్‌కి ఆమె తెలివికి మురిసిపోవాలని కూడా తోచలేదు.

"వెనకనుంచి అజమత్ 'కత్తి' అని అరిచాడు," అన్నాడు ఉలన్. "అప్పటికే పిడి నా ఎడమ చేతిలో ఉంది. కుడి చేతిలో తుపాకి. రెండు చేతులూ ఒక్కసారే బిగిశాయి."

అజమత్ తల వంచుకున్నాడు. మెదెర్ ఫోన్ తీసి, ఐజాన్‌ని వదిలిపెట్టమని చెప్పాడు.

బురుల్ ఉలన్ వైపు తిరిగింది. "చివర్లో ఆయనేమన్నా అన్నాడా?"

అతను ఇంకా పట్టుకునే ఉన్న కత్తిని బల్ల మీద పెట్టాడు.

"'జాగ్రత్త తమ్ముడూ, పదునుగా ఉంది, చెయ్యి తెగుతుంది' అన్నాడు."

బురుల్ తల ఊపింది. మాంసం చల్లారిపోతోందని, పిల్ల వచ్చాక వేడి చేసి పెట్టాలని చెప్పి, పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.