ఉప్పు తక్కువైన తద్దినం

షువేమియా ఊరు దాటి హాసిక్ వైపు సముద్రం పక్కనే వెళ్తుంటే, రోడ్డుకీ నీళ్లకీ మధ్య సగం కట్టి వదిలేసిన ఇల్లొకటి ఉంది. తలుపుల్లేవు, కిటికీల్లేవు. హిందీ మాట్లాడే ట్యాంకర్ డ్రైవర్లు దాన్ని 'ఖాలీ ఘర్' అంటారు, ఖాళీ ఇల్లని. రాత్రిపూట అక్కడ బండి ఆపితే ఒక దీపం దానంతటదే నడుచుకుంటూ వస్తుందట… దగ్గరికొచ్చి, "ఖానా ఖాయా?" అని అడుగుతుందట. తిన్నావా అని! తిన్నామంటే ఏమవుతుందో, లేదంటే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. జవాబు చెప్పేదాకా అక్కడ ఆగినవాడు లేడు.

ఈ కథ నాకు చెప్పింది ఈ అరబ్బు దేశంలో మేముంటున్న అల్ మవాలేలో, మా పక్క ఫ్లాట్ శ్యామలాదేవి. మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ ఒకేలా చెప్పింది కాబట్టి నమ్మాను. వాళ్లాయన రామ్మోహన్ గారు చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు. ఆయన చందువా చేపను చూసొచ్చి తిమింగలమని చెప్పే రకం.

మొన్న డిసెంబర్లో ఆయన ఒక క్యారవాన్ అద్దెకు తీసుకున్నారు. పడక, పొయ్యి, సింకు, అన్నీ బండిలోనే. పది రోజులు హోటల్ ముఖం చూడకుండా దక్షిణ తీరం వెంబడి సలాలా దాకా వెళ్లి రావాలని సరదా. "అమ్మ తద్దినం జనవరిలో కదా, ఈలోగా వచ్చేస్తాం," అన్నారు.

అక్కడే పప్పులో కాలేశారు. పోయినేడు జనవరి మొదటివారంలో వచ్చిన తిథి ఈ ఏడు కూడా అప్పుడే వస్తుందా? ఇంగ్లిషు తారీఖు చూసుకుని తల్లి తద్దినం గుర్తుపెట్టుకున్న కొడుకు ఈయనే అయ్యుంటాడు. తిథి పదకొండు రోజులు వెనక్కి జరిగి, వీళ్లకోసం దారిలో కాపు కాసింది.

షువేమియా పెట్రోల్ బంకు దగ్గర ఫోన్లకి సిగ్నల్ వచ్చింది. వచ్చీ రాగానే కాకినాడ నుంచి ఆడపడుచు.

"వదినా, ఇవాళ అమ్మ తద్దినం. భోజనానికి ఎవర్ని పిలిచారు?"

సాయంత్రం నాలుగు. ఎవర్నీ పిలవలేదు, పొయ్యి కూడా వెలిగించలేదు.

ఇక్కడ వాళ్ల అత్తగారు మాణిక్యాంబ గురించి చెప్పాలి. ఇరవై రెండేళ్లు కోడలి వంట తిన్నది ఆవిడ. ఇరవై రెండేళ్లూ ఒకటే మాట — "ఉప్పు తక్కువైంది." ఒక్కనాడు బాగుందనలేదు. పోయేముందు ఆస్పత్రిలో సగ్గుబియ్యం జావ పట్టిస్తే కూడా అదే మాట. ఆ ముక్క చెప్పేటప్పుడు శ్యామలాదేవి నవ్వుతుంది కానీ, కళ్లు తుడుచుకుంటుంది కూడా. ఒక్కసారి బాగుందని వినాలని ఎంత ఆశపడిందో నాకు తెలుసు.

అందుకే ఏడాదికోసారి వచ్చే ఆ ఒక్క పూట లోటు రానివ్వదు. ఊళ్లో ఆగుదామంటే ఒడ్డంతా చేపలు ఎండబెట్టారు. ఆ వాసనలో తద్దినం వంటేమిటని ముందుకు పోనిమ్మంది. బంకులో డీజిల్ పట్టించుకుంటున్న ట్యాంకర్ డ్రైవర్ వహీద్ కిటికీ దగ్గరికొచ్చి, ఆ దీపం సంగతి చెప్పి, మెల్లగా అన్నాడు.

"సాబ్, ఖాలీ ఘర్ కే పాస్ మత్ రుక్నా…"

ఆ ఇంటి దగ్గర ఆగొద్దన్న మాటకి రామ్మోహన్ గారు నవ్వేశారు. పది నిమిషాల తర్వాత, బండి దిగబడని గట్టినేల మొదట ఎక్కడ దొరికితే అక్కడ ఆపారు. ఆపి చూస్తే పక్కనే — తలుపుల్లేని ఇల్లు.

ఇంకో చోటు వెతికే వ్యవధి లేక శ్యామలాదేవి అక్కడే గబగబా స్నానం చేసి పొయ్యి వెలిగించింది. ముద్దపప్పు, దారిలో కొన్న పచ్చి అరటికాయలతో కూర, పరమాన్నం. తద్దినం వంట రుచి చూడకూడదు కదా, ఉప్పు చేత్తోనే అంచనా వేసింది. స్టీలు కంచంలో అన్నీ వడ్డించి, బండి బయట మెట్టు పక్కన పెట్టి, కాకి కోసం చూసింది.

కాకి లేదు. ఒక్కటంటే ఒక్క కాకి లేదు! సముద్రం మీద తెల్లపక్షులు మాత్రం గోల గోలగా వచ్చాయి.

"ఇదీ పక్షే కదే…" అన్నారు రామ్మోహన్ గారు.

"అత్తయ్యగారు జన్మలో నీచు ముట్టలేదు. చేపలు మింగే పక్షి చేత ఆవిడకి అన్నం పెట్టిస్తారా?" అని చీపురు పుచ్చుకుని వాటిని తోలింది.

సూర్యుడు దిగిపోయాడు. పక్షులూ వెళ్లిపోయాయి. కంచం అలాగే ఉంది. పోనీ ఎవరైనా మనిషిని పిలిచి పెడదామంటే, కనుచూపు మేరలో మనిషి లేడు.

"బండి తియ్యనా?" అన్నారాయన, ఇంటివైపు చూడకుండా.

"ఎవరో ఒకరు తినేదాకా నేను కదలను. ఆవిడ ఆకలితో ఉంటారండీ."

చీకటి పడింది. లోపల లైటు ఆర్పి ఇద్దరూ పడుకున్నారు గానీ నిద్ర ఎక్కడిది? అలల చప్పుడు… గాలి చప్పుడు… ఆపైన —

కిర్రుమంది.

బయట మెట్టు. ఎవరో కూర్చున్నట్టు బండి కొంచెం అటు ఒరిగింది. అడుగుల చప్పుడు లేదు, ఏమీ లేదు. మెట్టు మాత్రం కిర్రుమంది.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ ఇంటి గోడ వెనక నుంచి ఒక దీపం బయల్దేరింది. తిన్నగా బండివైపే వస్తోంది. ఇసుకలో అడుగులు… ఒకటి… రెండు… ఆగిపోయాయి.

కంచం చప్పుడైంది. అన్నం కలుపుతున్న చప్పుడు.

"ఏమండీ… తింటున్నారు," అంది శ్యామలాదేవి గుసగుసగా. భయంగానే ఉంది, సంతోషంగానూ ఉంది.

అప్పుడు వినపడింది. తలుపుకి అవతలే, గాలిలో కలిసిపోతూ, ఒక గుసగుస.

"ఉప్పు తక్కువైంది…"

రామ్మోహన్ గారు దుప్పటి ముసుగేసి "శ్రీరామ శ్రీరామ" అని ఎలుగెత్తి అరవడం మొదలుపెట్టారు. గుసగుస ఇంకా ఏదో చెబుతోంది. ఆయన గోలలో ఒక్క ముక్క వినపడలేదు.

శ్యామలాదేవికి భయం పోయి ఒళ్లు మండింది. "పోయాక కూడా అదే మాటా!" అని ఉప్పు డబ్బా పట్టుకుని లేచింది. ఆయన చెయ్యి విడిపించుకునే లోపల బయట ట్యాంకు కుళాయి తిప్పిన చప్పుడు, నీళ్ల చప్పుడు. తలుపు తీసేసరికి ఎవరూ లేరు. తళతళా కడిగిన కంచం మెట్టుమీద బోర్లించి ఉంది. దాని పక్కన ఉప్పు డబ్బా ఠప్పున పెట్టి, తలుపేసుకుని వచ్చి పడుకుంది.

తెల్లారాక ఎవరో తలుపు తట్టారు.

సన్నగా, గడ్డం పెరిగిన మనిషి. తలకి తువ్వాలు, చేతిలో ఫోను.

"నమస్తే సార్. నేను భూమేశ్, మాది జగిత్యాల దిక్కు. రాత్రి మీ అన్నం తిన్న, చెప్పి పోదమని వచ్చిన."

ఆ ఇల్లు కడుతున్న కంపెనీ పని ఆపేసిందట. సామాను కాపలాకి ఇతణ్ణొక్కణ్ణే ఉంచారు. పగలు గుట్ట వెనక కంటైనర్లో పడుకుంటాడు, రాత్రంతా డ్యూటీ.

"నడిచొస్తుందన్న దీపం నువ్వేనా?" అన్నారు రామ్మోహన్ గారు, ఛాతీ విరుచుకుని.

"ఫోన్ లైటు సార్. ఎవలన్న బండి ఆపితే జర మాట్లాడదమని పోత. ఖానా ఖాయా అని అడుగుత. నన్ను చూడంగనే బండి తోలుకొని ఉరుకుతరు. ఏడు నెలలాయె మనిషితోని మాట్లాడక." తర్వాత శ్యామలాదేవి వైపు తిరిగి, "మనింటి తిండి తినక గూడ గన్నే నెలలాయె అమ్మా. కడుపు నిండింది," అని దణ్ణం పెట్టాడు.

అత్తగారి తద్దినానికి భోక్త దొరికినట్టే కదా! ఆవిడకి కొండంత బరువు దిగింది. రామ్మోహన్ గారికైతే పట్టపగ్గాల్లేవు.

"మాకు అప్పుడే తెలుసయ్యా మనిషివేనని! కానీ తిన్నవాడివి తిన్నట్టుండక, ఉప్పు తక్కువైందని వంక పెడతావా?"

భూమేశ్ నొచ్చుకున్నాడు.

"నేనెందుకంట సార్? పెట్టిన చెయ్యికి వంకలు వెడ్తనా? గది ఆ అవ్వ అన్నది."

"ఏ అవ్వ?"

"గీ మెట్టు మీద కూసున్న మీ అవ్వ సార్. తెల్లచీర. నేను అంత దూరాన ఉంటే చెయ్యూపి పిలిచింది, రా నాయనా తిను అని. తెలుగు మాట ఇనంగనే పానం లేసొచ్చింది. నేను తినెదాక పక్కనే కూసున్నది." అతను నవ్వాడు. "మీ దిక్కు మాటనే అమ్మా. 'ఉప్పు తక్కువైంది, దాని చెయ్యే అంత. ఇరవై రెండేళ్లు అదే తిన్నాను నాయనా. ఇంకొకళ్ల వంట నాకు సయించదు' అన్నది. లేసిందా సార్? ఓసారి కాళ్లు మొక్కి పోత."

రామ్మోహన్ గారు బండి లోపలికి ఓసారి తొంగి చూశారు. మెల్లగా అన్నారు. "భూమేశ్… బండిలో మేమిద్దరమే…"

భూమేశ్ ఆయన వంక చూశాడు. మెట్టు వంక చూశాడు. అంతే, డ్రైవర్లందర్నీ హడలగొట్టిన ఆ దెయ్యం చెప్పులు రెండూ ఇసుకలో వదిలేసి గుట్టవైపు ఒకటే పరుగు.

రామ్మోహన్ గారు స్టీరింగు దగ్గరికి ఎలా చేరారో ఆయనకే తెలీదు. తాళం తిప్పబోతుంటే శ్యామలాదేవి చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, మొహంనిండా నవ్వు.

"ఇవాళ కూడా ఇక్కడే ఉందామండీ. ఆ అబ్బాయిని కేకెయ్యండి, భోజనానికి రమ్మని. అత్తయ్యగారికి పులిహోరంటే ఇష్టం."