అవిసె నూనె గుడ్డలు

చీఫ్ మాట నమ్మి బాగుపడ్డవాడు డిపార్ట్‌మెంట్‌లో ఒక్కడూ లేడు. ఏజెంట్ పదిహేడుకి ఆ సంగతి తెలుసు. తెలిసీ నమ్మాడు.

“మీ అక్క ప్రెస్సు ఒక్కరోజు మాకివ్వు,” అన్నాడు చీఫ్, ఏసీ గదిలో కాళ్లు చాపుకుని. “విదేశీ ముఠా ఒకటి దిగింది. ప్రభుత్వ ముద్రతో దొంగ నోటీసులు కొడుతుంది. ఆనకట్ట తెగింది, ఊరు ఖాళీ చెయ్యండి అని. ఊరికి ఉన్నది ఒక్క వంతెన. జనమంతా దానిమీద పడితే?”

“ప్రెస్సుకేమన్నా అయితే సార్? బావ పోయాక అక్కకి అదే ఆధారం.”

“మేకు కూడా కదలదు. నాదీ పూచీ. నువ్వు మెషిన్‌మ్యాన్ వేషంలో ఉండు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, వాళ్లని మీ ప్రెస్సుకే తీసుకొస్తుంది. కోడ్ గుర్తుపెట్టుకో. ‘ఇంకు వాసన రావట్లేదే?’ అంటావు. ‘ముక్కుంటే కదా!’ అంటుంది.”

బూటు మడమలో ట్రాన్స్‌మిటర్ అమర్చారు. బ్యాటరీ సొంత డబ్బుతో కొనుక్కోవాలట. బిల్లు పెడితే తర్వాత ఇస్తారట.

సెలవురోజు పొద్దున్నే ముఠా అక్క ప్రెస్సున్న రేకుల షెడ్డులోకి దిగింది. మెషిన్ చప్పుడుని పక్కనున్న పిండిమిల్లు మింగేస్తుంది. పట్టించేది వాసనే. అందుకని కిరసనాయిలు కంపు లేని, అవిసె నూనెతో చేసిన ఇంకు డబ్బాలు తెచ్చుకున్నారు.

వెనకే మేడమ్. ఆకుపచ్చ సిల్కు గౌను, నల్లకళ్లద్దాలు.

“ఇంకు వాసన రావట్లేదే?” అన్నాడు పదిహేడు.

“ముక్కుంటే కదా!” అని తియ్యగా నవ్వి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసింది. “మీ చీఫ్‌ని అడిగానని చెప్పు. బతికితే.”

కుర్చీకి కట్టేశారు. మడమని నేలకేసి కొట్టాడు. సిగ్నల్ వెళ్లింది. మళ్లీ కొట్టాడు. సెలవురోజు, అవతల అందుకునే నాథుడు లేడు.

ముఠాలోని లావుపాటి ఆపరేటర్ రంగు మార్చినప్పుడల్లా రోలర్లు తుడిచి, నూనె గుడ్డల్ని ముద్దలుగా చుట్టి మూలకి విసిరేస్తున్నాడు. ఆ మూలనే, ఎండకి కాలుతున్న రేకుగోడ పక్కన, నోటీసుల కట్టలు పేరుతున్నాయి.

“అక్కడెందుకు పడేస్తున్నావ్?” అంది మేడమ్.

“గింజల నూనె మేడమ్, పర్యావరణానికి మంచిది. కావాలంటే తాలింపు వేసుకోవచ్చు!”

అందరూ నవ్వారు. పదిహేడు నవ్వలేదు. ఎనిమిదో క్లాసులో బడి మానేసి ఈ షెడ్డులో చేరిన రోజు, బావ చెవి మెలిపెట్టి నేర్పిన మొదటి పాఠం అదే. కిరసనాయిలు గాలికి ఎగిరిపోతుంది. అవిసె నూనె ఎగరదు, గాలి తగిలేకొద్దీ లోలోపల వేడెక్కుతుంది. ఆ గుడ్డల్ని నీళ్లడబ్బాలో వేసి మూత పెట్టాలి. లేదంటే వాటంతటవే అంటుకుంటాయి.

నోటికి గుడ్డ కట్టలేదు. ఒక్క మాట అంటే ప్రెస్సు మిగులుతుంది. నోటీసులు ఊళ్లోకి పోతాయి, జనం వంతెన మీద పడతారు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

మధ్యాహ్నానికి వేడి నూనె వాసన ముక్కుకి తగిలింది. వాళ్లు పట్టించుకోలేదు. వ్యాను వెనక్కి వచ్చి గుమ్మానికి ఆనింది.

“లోడ్ చెయ్యండి!”

ఆపరేటర్ గుడ్డల్ని కాలితో తోసి పై కట్ట ఎత్తాడు. గాలి సోకింది. కుప్ప భగ్గుమంది. కట్టకి కట్ట అంటుకుంది. మేడమ్, ముఠా వ్యానెక్కి సందు చివరిదాకా పోయారు. అక్కడ, వాసన పసిగట్టి పిండిమిల్లువాళ్లు ముందే పిలిచిన ఫైరింజను అడ్డంగా నిలబడి ఉంది. వెనకే పోలీసులు.

పదిహేడుని కుర్చీతో సహా బయటికి ఈడ్చుకొచ్చింది అక్క. పొగ చూసి వెనకింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మెషిన్ మీద కప్పు కూలిన చప్పుడికి ఒకసారి కళ్లు మూసుకుంది.

“నువ్విక్కడే ఉన్నావు కదరా. ఆ గుడ్డలు డబ్బాలో వెయ్యమని చెప్పలేకపోయావా?”

ఆపరేషన్ రహస్యం. చెప్పకూడదు. కట్లు విప్పుతున్న ఆమెకి ముడి అందేలా మణికట్టు తిప్పాడు.

చీఫ్‌కి మెడల్ వచ్చింది. బ్యాటరీ బిల్లు సంతకం సరిగ్గా లేదని తిరిగొచ్చింది. మెషిన్ మీద అప్పుకింద బ్యాంకు పట్టుకుపోయింది, అక్క పేరనున్న నూట పద్దెనిమిది గజాల జాగా.