వెనక్కి తిరగని అడుగులు

పాండేసరలో, బట్టల మిల్లులకు వలస వచ్చిన మన తెలుగువాళ్ళుండే ఒక గల్లీ చివర, సాంచాల షెడ్డు — మరమగ్గాలది — ఒకటి మూతపడి ఉంది. చీకటి పడ్డాక దాని ముందు నుంచి ఎవరూ పోరు. షిఫ్టుకు ఆలస్యమైనా సరే, చుట్టు తిరిగి పోతారు.

ఆ చెడ్డపేరు దానికి మొదటి లాక్‌డౌన్‌లో వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. పనివాళ్ళు చాలామంది మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళకు నడిచారు. షట్టరు దించి బయట తాళం వేశారు. ఆ తర్వాత కొన్ని రాత్రులు — కరెంటు కూడా లేని ఆ షెడ్డు లోపలి నుంచి — ఠక్... ఠక్... కాసేపు ఆగి, మళ్ళీ ఠక్.

ఎప్పుడో మిషను పట్టాలో చిక్కుకుని చచ్చిన పనివాడు వచ్చి సాంచ నడుపుతున్నాడన్నారు. ఆ గల్లీకి పెద్దమనిషి బ్రహ్మచారి. చేసేది వడ్రంగం, దానికి తోడు దిష్టి తీయడం, తాయెత్తులు కట్టడం. ఆయన పసుపు కుంకుమ కలిపిన ఎర్రన్నం, నిమ్మకాయలు షట్టరు ముందు పెట్టించాడు. పెట్టినవాళ్ళు వెనక్కి చూడకుండా నడిచి రావాలి. చూస్తే దయ్యం వెంట వస్తుంది. అందరూ అలాగే వచ్చారు.

కొన్నాళ్ళకు చప్పుడు ఆగింది. తర్వాత ఒక రాత్రి రెండు తెల్లటి ఆకారాలు — ముఖాలు లేనివి — షెడ్డులోంచి పొడుగాటిదేదో మోసుకుపోవడం కిటికీ సందుల్లోంచి చూశారట. దయ్యం గల్లీ విడిచిపోయిందని బ్రహ్మచారికి దండాలు పెట్టారు.

ఇదంతా నాకు చెప్పింది సంతోషి. అదే ఊళ్ళో, పర్వత్ పాటియాలో నేను నడిపే మెస్సులో రొట్టెలు చేస్తుంది. చెబుతున్నంతసేపూ పిండిని గుద్దుతూనే ఉంది. విన్నాక నాకూ ఎవరినో ఒకరిని గుద్దాలనిపించింది.

సంతోషి, ఆమె మొగుడు పరుశురాం ఆ గల్లీకి వచ్చింది ఆ ఏడు వానలు తగ్గాక. షెడ్డు వెనక మోరీ పక్కన ఒక ఆడకుక్క పడి ఉంది. బొమికల గూడు, వెంట్రుకలు రాలిన ఒళ్ళు. సంతోషి ఎత్తుకొచ్చి గంజి తాగించింది. పరుశురాం దానికి కండె అని పేరు పెట్టాడు — నూలు చుట్టే కండెంత సన్నగా ఉందని.

ఒంటికి కండ పట్టింది గానీ భయం పోలేదు. పైగా పెరిగింది. అదీ ఒక వింత భయం. ఎవరైనా తలుపు కొడితే తోక ఊపేది. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్తుంటే... ఆ అడుగుల చప్పుడు దూరమవుతుంటే... అప్పుడు వణికేది. మొదట్లో పరుశురాం షిఫ్టుకు పోయినప్పుడు మాత్రమే. తర్వాత పాలవాడు పోయినా అంతే. దీపావళి నాటికి వీధిలో ఎవరు నడిచిపోయినా మంచం కింద దూరి ఏడ్చేది. కుక్క ఏడుపు అరిష్టమని ఇల్లుగలాయన పేచీ పెట్టాడు. కుక్కనో గదినో, ఏదో ఒకటి వదులుకోమన్నాడు.

"ఐతారం బార్డోలీ దిక్కు తీస్కపోయి చెరుకు తోటల ఇడిసిపెడ్త," అన్నాడు పరుశురాం.

"ఆడ ఇడిసిపెట్టి నువ్వు ఎనక్కి నడిస్తె చాలు, ఆ చప్పుడుకే సస్తది," అంది సంతోషి. "జర ఆగు."

ఈలోగా బ్రహ్మచారి రానే వచ్చాడు. పిలవని పేరంటం ఆయనకు అలవాటే.

"గాలి సోకింది బిడ్డా," అన్నాడు గుసగుసగా. "ఆ షెడ్డుదే... దాని జాగ దానికి సూపెట్టాలె."

సంతోషి వద్దంది. వింటే కదా. ఆమె ఇంట్లో లేని సాయంత్రం చూసి, గల్లీవాళ్ళు కండె మెడకు తాడు వేసి ఈడ్చుకెళ్ళి ఆ షట్టరుకే కట్టేశారు. ముందు ఎర్రన్నం పెట్టారు. వెనక్కి చూడకుండా నడిచి వచ్చారు.

ఆ అడుగులు దూరమవుతుంటే కండె తాడు కొరికింది, షట్టరు అంచు కొరికింది. సంతోషి పరుగెత్తుకెళ్ళేసరికి దాని చిగుళ్ళ నిండా నెత్తురు. ఇక ముద్ద ముట్టదు, మంచం కింది నుంచి బయటికి రాదు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. అంత చేసీ బ్రహ్మచారి ఏమన్నాడో తెలుసా? దయ్యం మొండిదన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. మా మెస్సులో భోంచేసే హిమశ్రీ పశువుల డాక్టరు చదువుతోంది. ఆమెతో సంతోషికి ఫోను కలిపించాను.

"అక్కా, పోయినవాళ్ళు తిరిగొస్తారని దానికి నమ్మకం లేదు," అంది హిమశ్రీ. "ఒక్క అడుగు వేసి వెంటనే తిరిగి రండి. అది వణకడం మొదలుపెట్టకముందే రావాలి. కొట్టొద్దు, కట్టొద్దు, తొందరపెట్టొద్దు."

సంతోషి అదే పని పెట్టుకుంది. గడప దాటడం, తిరిగి రావడం. మెట్ల దాకా పోవడం, తిరిగి రావడం. గల్లీ అంతా ఆమెను చూసి నవ్వింది. కుక్కను వదిలిరావాల్సిన ఐతారాన్ని పరుశురాం వారం వారం దాటవేస్తూ వచ్చాడు. తర్వాత తనూ షిఫ్టుకు బయల్దేరే ముందు ఉత్తుత్తగా పోయి రావడం మొదలుపెట్టాడు. కండె మెల్లగా మంచం కింది నుంచి గడప మీదికి వచ్చింది.

ఇక మిగిలింది షెడ్డు. కట్టేసిన నాటి నుంచి అటు దిక్కే రాదు. అక్కడి భయం పోకపోతే కథ మళ్ళీ మొదటికొస్తుందని హిమశ్రీ చెప్పింది. అందుకని రోజుకు కాస్త కాస్త దగ్గరగా తీసుకెళ్ళి, కూర్చుని, రొట్టె ముక్క పెట్టి తీసుకొచ్చేది సంతోషి.

రాత్రి కర్ఫ్యూ నడుస్తున్న రోజులవి. ఒకనాడు తలుపులన్నీ మూసుకున్నాక సంతోషి, కండె షెడ్డు దాకా చేరారు. వీధి దీపం అక్కడికి అందదు. ఆకు కూడా కదలడం లేదు. కండె ఆగింది... చెవులు నిక్కబొడిచింది... తనంతట తానే షట్టరు దగ్గరికి నడిచి, కింది సందులో ముక్కు పెట్టి —

తోక ఊపింది.

లోపల ఎవరూ లేరు. ఎవరికి ఊపుతోంది?

సంతోషికి పారిపోదామనిపించింది. అయినా నేర్చుకున్న పని కదా, మెల్లగా నాలుగడుగులు దూరం నడిచింది. వెనక నుంచి...

ఠక్... ఠక్... కాసేపు ఆగి, మళ్ళీ ఠక్.

గల్లీలో లైట్లు వెలిగాయి. తలుపులు తీసుకుని మనుషులు వచ్చారు. బ్రహ్మచారి చేతిలో నిమ్మకాయతోనే వచ్చాడు. చూస్తే, కండె ముందరి కాలెత్తి షట్టరును కొడుతోంది. కొట్టి, ఆగి, సందుకు చెవి ఆనించి వింటోంది.

"అదే చప్పుడు," అన్నారెవరో.

బ్రహ్మచారి ముఖం విప్పారింది. "సూసిండ్రా... గప్పుడు లోపల చిక్కుపడ్డది గీ కుక్కనే. దయ్యం లేదు, గియ్యం లేదు."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కొందరు నవ్వారు కూడా. షెడ్డు ఎదురింట్లో ఒంటరిగా ఉండే ముసలామె ఐలమ్మ మాత్రం నవ్వలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా అడిగింది.

"కుక్క నన్ను పేరు వెట్టి ఎట్ల పిలిచింది, బ్రహ్మచారన్నా?"

బ్రహ్మచారి నిమ్మకాయను జేబులో పెట్టేసుకున్నాడు.

"'ఐలవ్వా... నీళ్ళు' అన్నది. దయ్యం పిలిస్తె పలుకొద్దంటిరి. చెవులల్ల గుడ్డలు కుక్కుకొని పండుకున్న." ఐలమ్మ షట్టరు వైపు చెయ్యి చూపించింది. "సోమలింగం గొంతే అది. సాంచ నడిపి ఆ షెడ్డులనే పండుకునేటోడు. ఊరికి నడిచిపోయిండని సేటు మనిషి చెప్తె నమ్మితిమి. మోసుకపోయిన తెల్లబట్టలోళ్ళు... కరోనా బట్టల మనుషులే గదా."

ఆ పిలుపు ఇంకెవరెవరు విన్నారో, ఒక్కరూ ఒప్పుకోలేదు.

లోపల మనిషి ఉన్నాడో లేడో చూడకుండా తాళం వేసినవాణ్ణి ఏ బూతైనా తిట్టొచ్చు. మరి వీళ్ళను ఏమనాలి? ఆకలిదప్పులతో షట్టరు కొడుతున్న మనిషికి బెత్తెడు దూరంలో అన్నం ముద్ద పెట్టి, దండం పెట్టి, వీపు తిప్పి పోయారు. వాళ్ళ అడుగులు దూరమైన ప్రతిసారీ ఆ చీకట్లో అతని పక్కన ఈ కుక్క కూర్చుని వింది. తెల్లబట్టలవాళ్ళు షట్టరు ఎత్తిన రాత్రే ఇది బయటపడి ఉంటుంది.

"సోమలింగం పెండ్లాం బాలవ్వ సిరిసిల్ల నుంచి అందరికి ఫోన్లు చేస్తనే ఉన్నది," అంది సంతోషి. "ఆమెకు ఎవరు చెప్తరు?"

ఒకరు ఇంటివైపు కదిలారు. వెనకే ఇంకొకరు. బ్రహ్మచారి, చివరికి ఐలమ్మ కూడా. అడుగులు దూరమవుతున్నాయి... ఒక్కరూ వెనక్కి చూడలేదు.

కండె వణకలేదు. షట్టరు వదిలి గల్లీ నడుమకు వచ్చి నిలబడి మొరిగింది. అది మొరగడం సంతోషి వినడం అదే మొదలు. పోతున్న ఆ వీపుల మీదికి గొంతు పగిలేలా, ఆగకుండా మొరిగింది.

ముందు ఆగింది ఐలమ్మ. వెనక్కి తిరిగి వచ్చి, షట్టరు ముందు నేల మీద కూలబడి, సంతోషి వైపు చెయ్యి చాచింది.

"ఫోను కలుపు బిడ్డా. నేనే చెప్త."