నాలుగు ఆంపియర్ల ఇల్లు

కరెంటు మళ్ళీ పోయింది. దనార్ చేతిలో, బట్ట మీద మైనంతో చుక్కలు వేసే రాగి కలం గాల్లోనే ఆగింది.

ఎలక్ట్రిక్ పొయ్యి ఆరితే మైనం చల్లబడుతుంది. చల్లబడిన మైనం బట్టలోకి దిగదు. పైగా అతను వేస్తున్నది ట్రుంటుం, తమ ఊరు సోలోలో పిల్లల పెళ్ళికి తల్లిదండ్రులు కట్టుకునే చుక్కల బట్ట. అందులో ఒక్క చుక్క అలుక్కుపోయినా పెళ్ళివారు ఊరుకోరు.

విసవిసా వెళ్ళి ముందుగది తలుపు కొట్టాడు. వారం కిందట అక్కడ అద్దెకు దిగింది వెనింగ్. వృత్తివిద్యా స్కూల్లో కరెంటు పాఠాలు చెప్పే టీచరు.

"మళ్ళీ మీరేనా?"

"నేనేం చేశాను? ఇస్త్రీ చేసుకుంటున్నాను."

"మీ ఇస్త్రీకి నా మైనం గడ్డకట్టింది."

"మీ మైనానికి నా చొక్కా సగంలో ఆగింది. ఈ వానకి ఏదీ ఆరి చావట్లేదు. తడిబట్టలతో స్కూలుకు వెళ్ళమంటారా?"

ఆమె చొక్కాకు ఒక చెయ్యి నున్నగా, రెండోది ముడతలు ముడతలుగా ఉంది. తిట్టడానికి వచ్చిన దనార్‌కి నవ్వొచ్చింది. నవ్వాక తిట్లు గుర్తు రాలేదు.

"కోపం తర్వాత పడుదురు గానీ, ముందు లెక్క చూద్దాం," అని ఆమె మీటరు దగ్గరికి నడిచింది. "నాలుగు ఆంపియర్లు దాటితే ఇది కరెంటు ఆపేస్తుంది. రెండొందల ఇరవై వోల్టులు ఇంటూ నాలుగు, ఎనిమిదొందల ఎనభై వాట్లు. మన ఆస్తి అంతే."

'మన' అన్న మాట దగ్గరే దనార్ ఆగిపోయాడు.

స్విచ్చి పైకి లేపి, కొలిచే పరికరం తెచ్చి అతని పొయ్యి తీగకు తగిలించింది. "అర ఆంపియరు. రెండొందల ఇరవైని అరతో భాగిస్తే రెసిస్టెన్స్ నాలుగొందల నలభై ఓములు. అరతో గుణిస్తే నూటపది వాట్లు. మీ రెండు పొయ్యిలకీ కలిపి ఒక ఆంపియరు. మీ అమ్మగారి కరెంటు కుక్కర్ 1.8, ఫ్రిజ్ 0.5, నా ఇస్త్రీ పెట్టె 1.6. కూడండి."

"4.9," అన్నాడు వేళ్ళు ముడుస్తూ.

"పర్లేదు, లెక్కలొచ్చు."

"చిన్నప్పుడు మీలాంటి టీచరుంటే ఇంకా బాగా వచ్చేవి."

"ఇలాంటి మాటలంటే మా క్లాసులో బెంచీ ఎక్కిస్తాం."

అప్పటికప్పుడు ఒప్పందం కుదిరింది. ఇస్త్రీ మొదలుపెట్టే ముందు ఆమె గోడ మీద రెండుసార్లు తట్టాలి. అతను పొయ్యిలు ఆపి ఒకసారి తట్టాలి. అప్పుడు వాడకం 3.9. కరెంటు నిలుస్తుంది.

కరెంటు నిలిచింది కానీ దనార్ నిలవలేదు. పొయ్యిలు ఆపాక పనేముంది? అల్లం నీళ్ళ గ్లాసుతో ఆమె గుమ్మంలో తేలేవాడు. ఆమె ఇస్త్రీ చేసేది, అతను కబుర్లు చెప్పేవాడు, బయట వాన పడేది. ఒక చొక్కాకి అంతసేపు పడుతుందా అని అతని తల్లి సుమిరా వసారాలో బీన్స్ తుంచుతూ అనుకునేది. రోజూ మనసులో మాట చెప్పేద్దామనుకునేవాడు దనార్. రోజూ చొక్కా అయిపోయేది.

ఒకరోజు సుమిరా అంది: "కరెంటు ఆఫీసుకి వెళ్ళొచ్చాను. ఆరు ఆంపియర్లకి మారుస్తారట."

దనార్ కలం కింద పెట్టాడు. "ఇప్పుడెందుకమ్మా? నాలుగు చాలదూ?"

"చాలట్లేదని నా ప్రాణం తీసింది నువ్వు కాదట్రా?"

మీటరు మారింది. 4.9 దర్జాగా ఇమిడింది. పొయ్యిలు ఆపక్కర్లేదు, గోడ తట్టక్కర్లేదు. ట్రుంటుం చుక్కలు ముత్యాల్లా పడుతున్నాయి, దనార్‌కి మాత్రం అన్నం సయించడం లేదు. ఏ వంకతో వెళ్ళాలి? ఆమెకు అతనితో పనేముంది?

ఒక పొద్దున, వాన జోరుగా ఉండగా, కరెంటు పోయింది.

దనార్ పరుగున మీటరు దగ్గరికి వెళ్ళాడు. వేళ్ళు ముడిచాడు. ఎన్నిసార్లు కూడినా 4.9. పోకూడదే. ముందుగది తలుపు తీసే ఉంది. లోపల బల్ల మీద ఇంత లావు కరెంటు కెటిల్.

"ఇదెక్కడిది టీచర్ గారూ?"

"స్కూల్లో అడిగి తెచ్చాను."

"ఎంత తీసుకుంటుంది?"

"2.7."

"అంటే 7.6. మీకు లెక్క తెలుసు కదా. పెడితే పోతుందని..."

"తెలుసు."

"మరి?"

ఆమె మడత పెట్టిన చొక్కానే మళ్ళీ మడత పెట్టింది. "మీటరు మారాక మీరు ఇటు రావడం మానేశారు. గోడ తడదామంటే వంక లేకపోయె."

దనార్ గుమ్మం దాటి లోపలికి అడుగేశాడు. "నేను గోడకి ఆనుకునే కూర్చుంటున్నాను. మీరంటే నాకిష్టం. ఇస్త్రీ పెట్టె రోజుల నుంచీ."

"అప్పుడే చెప్పుంటే ఇంత బరువు వానలో మోసేదాన్ని కాదు." ఆమె మొహం ఎర్రబడింది. "ఇక టీచర్ గారూ అనకండి."

"సరే, వెనింగ్. కెటిల్ ఉండనీ. నా పొయ్యిలు ఆపేస్తాను."

"ఆపినా 6.6. మళ్ళీ పోతుంది."

"పోనీ."

"పోనీ అంటే నా అన్నం ఎవడుడికిస్తాడ్రా?" వంటింట్లోంచి సుమిరా గొంతు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. "ఆ పెళ్ళివారి ట్రుంటుం ఎప్పటికవుతుంది?"

"రేపటికమ్మా."

"అయితే ఎల్లుండి నుంచి నాకొకటి మొదలుపెట్టు."